పాత సివిక్‌కి వెనక లావు స్వే బార్: వేయించాలా, వద్దా?

ఈకే_కొలంబస్:
అందరికీ నమస్తే. నాది 1998 హోండా సివిక్ ఎల్ఎక్స్, అమెరికాలో ఓహైయోలో ఉంటాం. హైవే ర్యాంప్ మలుపులో కాస్త వేగంగా వెళ్తే స్టీరింగ్ ఎంత తిప్పినా బండి ముందు భాగం బయటికే పోతోంది. ఈ మోడల్‌కి వెనక స్వే బార్ (మలుపులో బండి పక్కకి ఒరగకుండా ఎడమ, కుడి చక్రాలని కలిపే ఉక్కు కడ్డీ) కంపెనీయే ఇవ్వలేదు. తెలిసినతని దగ్గర ఇంటెగ్రా టైప్ ఆర్ (హోండా వాళ్ల స్పోర్ట్ కారు) 22 మి.మీ. బార్, దానికి సరిపడే లోయర్ ఆర్మ్‌లు (చక్రాన్ని బండికి కలిపే కింది లోహపు చేతులు) ఉన్నాయి. వేయించమంటారా? రోజూ ఆఫీసుకి వెళ్లేది ఇదే బండి.

స్లాలమ్_శీను:
ఆలోచించకుండా వేయించు తమ్ముడూ. ముందు చక్రాలతో నడిచే బండికి పెట్టిన డబ్బుకి ఇంత ఫలితం ఇచ్చే మార్పు ఇంకోటి లేదు. ఇంజిన్, గేర్‌బాక్స్ బరువంతా ముందే ఉంటుంది. లాగేదీ ఆ చక్రాలే, తిప్పేదీ ఆ చక్రాలే. వెనక బార్ గట్టిదైతే మలుపులో పక్కకి మళ్లే బరువులో ఎక్కువ వాటా వెనక చక్రాలు తీసుకుంటాయి, ముందు టైర్లకి ఊపిరాడుతుంది. లోపలివైపు ముందు చక్రం నేలని వదలదు కాబట్టి మలుపు చివర యాక్సిలరేటర్ నొక్కినా ఊరికే గిరగిరా తిరగదు. నేను ఆటోక్రాస్‌కి (ఖాళీ స్థలంలో కోన్‌లు పెట్టి, వాటి మధ్య టైముకి పోటీగా నడపడం) తీసుకెళ్లే సివిక్‌లో ఉన్నది ఈ బారే. కోన్‌ల మధ్య లోపలి వెనక చక్రం గాల్లోకి లేస్తుంది, అయినా బండి గీత గీసినట్టు తిరుగుతుంది.

మూర్తి_మిషిగన్:
శీను గారూ, కొత్తగా అడిగిన కుర్రాడికి సగం చెప్పి వదిలేశారు. మలుపులో మొత్తం ఎంత బరువు మళ్లుతుందన్నది బండి బరువు, దాని ఎత్తు, చక్రాల మధ్య వెడల్పు, వేగం తేలుస్తాయి. బార్ చేసేది పంపకమే. పంక్తిలో ఉన్న కూరని ఒక వైపు ఎక్కువ వడ్డిస్తే రెండో వైపు తగ్గాల్సిందే. ముందు టైర్లకి మీరు మిగిల్చిన పట్టు వెనక టైర్ల దగ్గర తీసుకున్నదే. వానలో మలుపు మధ్య భయపడి యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే వెనక భాగం తిరిగి ముందుకొస్తుంది. 1998 సివిక్‌లో స్టెబిలిటీ కంట్రోల్ (బండి జారుతుంటే తనంతట తనే బ్రేకులు వేసి సరిచేసే ఏర్పాటు) లేదు. అమెరికాలో అది అన్ని కార్లకీ తప్పనిసరి అయింది 2012 మోడళ్ల నుంచి.

ఇంకో మాట. బార్ గట్టిదనం దాని వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 1999 సివిక్ ఎస్ఐకి (సివిక్‌లోనే స్పోర్ట్ మోడల్) వెనక ఇచ్చింది 13 మి.మీ. మిగతా కొలతలన్నీ ఒకటే అనుకున్నా, 22 అంటే దానికి ఎనిమిది రెట్లు.

స్లాలమ్_శీను:
ఎనిమిది రెట్లు గట్టిపడేది బార్, బండి కాదు. వెనక స్ప్రింగులు ఎక్కడికి పోయాయి? కీళ్ల దగ్గర ఉండే రబ్బరు బుష్‌లు నొక్కుకునేది లెక్కలోకి రాదా?

మూర్తి_మిషిగన్:
బండి ఎనిమిది రెట్లు గట్టిపడుతుందని నేను ఎక్కడ రాశాను? మళ్లీ చదవండి.

స్లాలమ్_శీను:
చదివేవాడికి అలాగే వినబడుతుంది. భయపెట్టడానికే ఆ అంకె.

తుప్పు_చూడు:
మీరిద్దరూ అంకె దగ్గరే ఆగిపోయారు. 22 వేస్తే వెనక బార్ బ్రాకెట్లు బిగించే చోట రేకు చీలుతుంది, ఈ తరం సివిక్‌లలో అందరికీ తెలిసిన జబ్బే. అక్కడ బ్రేస్ (రేకుకి బలమిచ్చే అదనపు పట్టీ) వేయకుండా ముట్టుకోవద్దు. పైగా ఓహైయో బండి, చలికాలమంతా రోడ్డు మీద ఉప్పే. బోల్టు చుట్టూ స్క్రూడ్రైవర్‌తో గట్టిగా గుచ్చి చూడు. పొరలు పొరలుగా రాలితే అక్కడ ఏ బారూ నిలవదు.

నిజాంపేట్_స్విఫ్ట్:
హైదరాబాద్ నుంచి. నా పాత స్విఫ్ట్‌కి వెనక టోర్షన్ బీమ్ (రెండు వెనక చక్రాలనీ కలిపే ఒకే అడ్డ దూలం) ఉంది. దానికీ వేయొచ్చా అన్నా?

తుప్పు_చూడు:
ఆ బీమ్ మెలితిరుగుతూ బార్ పని కొంత తనే చేస్తుంది. లెక్క వేరు, విడిగా థ్రెడ్ పెట్టు. సివిక్ తమ్ముడూ, టైర్లు ఎలా ఉన్నాయి?

ఈకే_కొలంబస్:
ముందు రెండూ కొత్తవి. వెనకవి బండితో వచ్చినవే, బాగానే అరిగాయి.

మూర్తి_మిషిగన్:
చూశారా? కొత్త టైర్లు వెనక ఉండాలని టైర్ కంపెనీలే చెప్తాయి. ఈ బండికి 22 మి.మీ. బారా?

స్లాలమ్_శీను:
టైర్లు మార్చుకుంటాడు, అదేమైనా పెద్ద పనా? మూర్తి గారూ, మీరు బార్ పేరు ఎత్తితే చాలు, ప్రతి థ్రెడ్‌లో అడ్డుపడతారు. మీకు ఒకసారి భయం వేసిందని అందరూ కంపెనీ సెట్టింగ్‌తోనే బతకాలా?

మూర్తి_మిషిగన్:
భయమంటే ఏంటో చెప్తాను వినండి. నేను కొన్న సెకండ్ హ్యాండ్ సివిక్‌లో లావు బార్ ఉంది. అమ్మినతను ఒక్క మాట చెప్పలేదు. వానలో ర్యాంప్ దిగుతుంటే ముందు కారు బ్రేక్ వేసింది. కాలు తీశాను, అంతే. బండి అడ్డం తిరిగి గడ్డిలోకి పోయింది. వెనక సీట్లో మా అమ్మాయి ఉంది. తర్వాత జాక్ ఎక్కించి చూస్తే ఎర్ర రంగు బార్, చుట్టూ ఉన్న తుప్పులో మెరుస్తున్న కొత్త బోల్టులు.

స్లాలమ్_శీను:
అమ్మాయికి ఏం కాలేదు కదా? మరి మీ కోపం బార్ మీదా, దాచిపెట్టి అమ్మినతని మీదా? వెనక టైర్లు ఎలా ఉన్నాయి ఆ రోజు?

మూర్తి_మిషిగన్:
అమ్మాయికి ఏం కాలేదు. టైర్లు అరిగినవే. నేను చెప్పేది కూడా అదే. మీరు నాలుగు మంచి టైర్లకి, మీ చేతికి తగ్గట్టు సెట్ చేస్తారు. ఆ బండి రేపు ఇంకొకడి చేతిలో అరిగిన టైర్లతో నడుస్తుంది. మన దగ్గర్నుంచి చదువుకోడానికి వచ్చిన పిల్లలు మొదట కొనేది ఇలాంటి పాత సివిక్, కరోలాలే. వాళ్లకి మంచు కొత్త, హైవే కొత్త. కొన్న బండి కింద ఏం మార్చారో వాళ్లకి ఎవరు చెప్తారు? మార్చినవాడు అమ్మేసి వెళ్లిపోతాడు.

స్లాలమ్_శీను:
నేను కంపెనీ సెట్టింగ్‌తోనే గార్డ్‌రెయిల్‌ని గుద్దాను. స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఉంది, బండి తిన్నగా వెళ్లింది. ముందు భాగం జారడమే సేఫ్ అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండేది అందుకే. ఆ తర్వాతే ఆటోక్రాస్‌కి వెళ్లి, బండి జారితే ఏం చేయాలో నేర్చుకున్నాను. ఎవరో ఎప్పుడో కొంటాడని నా బండి నాకు నచ్చినట్టు మార్చుకోకూడదంటే ఒప్పుకోను. అమ్మేటప్పుడు తీసేస్తాను, లేదా కాగితం మీద రాసిస్తాను. దాచడం తప్పు. మార్చడం తప్పు కాదు.

మూర్తి_మిషిగన్:
మీరు రాసిస్తారు, నమ్ముతాను. రాసివ్వనివాళ్ల సంగతే నా బాధ. మీ సలహా చదివేది వాళ్లు కూడా.

ఈకే_కొలంబస్:
అన్నా, ఒకటి చెప్పలేదు. వారంలో సగం రోజులు మా ఆవిడ నడుపుతుంది. తనకి లైసెన్స్ వచ్చి ఎక్కువ కాలం కాలేదు.

స్లాలమ్_శీను:
ఇది మొదటి పోస్టులోనే రాయాల్సింది. ఇద్దరు నడిపే బండికి 22 వద్దు. టైర్లు, అలైన్‌మెంట్ సరిచేశాక కావాలంటే ఎస్ఐ 13 మి.మీ. బార్ చూడు, ఆర్మ్‌లు ఎలాగూ ఉన్నాయి. ఏది వేసినా ముందు ఆవిడని ఖాళీ పార్కింగ్ లాట్‌లో, వాన పడ్డాక, నెమ్మదిగా తిప్పించు.

మూర్తి_మిషిగన్:
నేనైతే 13 కూడా వద్దంటాను. ర్యాంప్ మీద బోర్డు చెప్పిన వేగంలో వెళ్తే ముందు భాగం జారదు.

తుప్పు_చూడు:
ట్రెయిలింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే పొడవాటి చేయి) బుష్ చూశావా? అది పోతే వెనక చక్రం దానంతటదే దిశ మారుతుంది. అలాంటి వెనక భాగానికి ఏ బారూ వేయకూడదు.

ఈకే_కొలంబస్:
ఇప్పుడే జాక్ ఎక్కించి చూశాను. కుడివైపు బుష్‌లో రబ్బరు చీలి, మధ్య లోహం పక్కకి ఒరిగింది. ఆ చీలికలో స్క్రూడ్రైవర్ పెడితే లోపలికి పోతోంది. బార్ బిగించే చోట రేకు మాత్రం గట్టిగానే ఉంది. మొదట బుష్‌లు మార్పించి, వెనకకి కొత్త టైర్లు వేయించి, తర్వాత అలైన్‌మెంట్. 22 బార్ తీసుకోవడం లేదు.

స్లాలమ్_శీను:
అవన్నీ అయ్యాక కూడా ముందు భాగం జారితే ఇక్కడే రాయి. 13 బార్ ఎక్కడ దొరుకుతుందో చెప్తాను.

నిజాంపేట్_స్విఫ్ట్:
అన్నా, నా థ్రెడ్ పెట్టాను, చూడండి.