సైనికుడు నోటిమాటగా చెప్పిన వీలునామా: పొలం ఎవరికి దక్కుతుంది?

ప్రశ్న:
మాసచూసెట్స్ వలసకాలపు వారసత్వ చట్టాల గురించి చదువుతున్నాను. 1745లో న్యూ ఇంగ్లండ్ దళాలు నేటి కెనడాలో ఉన్న ఫ్రెంచివారి లూయీబర్గ్ కోటను పట్టుకున్నాక, ఆ చలికాలంలో అక్కడే వందలమంది జబ్బుపడి చనిపోయారు. అలా మంచాన పడిన సైనికుడు ఒకడు తోటివారితో "నాకున్నదంతా నా తమ్ముడికే" అని చెప్పి కన్నుమూశాడనుకుందాం. ఊళ్లో అతని భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు పొలం మీద ఆధారపడి బతుకుతున్నారు. ఆ మాట చెల్లితే వారి గతేమిటి?

మొదటి సమాధానం:
ఆ మాట చెల్లుతుంది, కానీ పొలం దాకా వెళ్లదు. 1677 నాటి ఇంగ్లండ్ చట్టం ప్రకారం, 30 పౌండ్లకు మించిన ఆస్తిని నోటిమాటతో ఇచ్చినట్టు రుజువు కావాలంటే, ఆ మాట విన్న సాక్షులు ముగ్గురు ఉండాలి. చివరి జబ్బులో, సాధారణంగా సొంత ఇంట్లోనే చెప్పి ఉండాలి. యుద్ధసేవలో ఉన్న సైనికుడికీ, సముద్రం మీద ఉన్న నావికుడికీ మాత్రం ఈ కట్టుబాట్ల నుంచి మినహాయింపు ఇచ్చారు. అయితే ఆ మినహాయింపు జీతానికీ చరాస్తికీ మాత్రమే. రావలసిన జీతం, సొంత తుపాకీ, కప్పుకున్న కంబళి తమ్ముడికి పోతాయి. భూమికి మాత్రం సంతకంతో కూడిన రాతపత్రం, దానిపై ముగ్గురు నలుగురు సాక్షుల సంతకాలు తప్పనిసరి.

రెండవ సమాధానం:
కాబట్టి పొలం విషయంలో అతను వీలునామా లేకుండా చనిపోయినట్టే లెక్క. మాసచూసెట్స్‌లో 1692 నాటి చట్టం ప్రకారం, మూడోవంతు భూమిపై భార్యకు జీవితాంతం అనుభవ హక్కు ఉంటుంది. మిగిలినదానిలో పెద్దకొడుక్కి రెండు పాళ్లు, మిగతా పిల్లలకు ఒక్కో పాలు; అంటే నాలుగు భాగాల్లో రెండు పెద్దవాడివి, చిన్నకొడుక్కీ కూతురికీ చెరొకటి. భార్య తదనంతరం ఆమె అనుభవించిన భాగం కూడా పిల్లలకే వస్తుంది. నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఆ కూతురి పాలే, ఎందుకంటే ఇదే కుటుంబం వర్జీనియాలో ఉండి ఉంటే భూమంతా పెద్దకొడుకుదే అయ్యేది. అక్కడ ఆ పద్ధతిని రద్దు చేసే చట్టం 1785లో గాని రాలేదు. కనెక్టికట్‌లో కూడా పిల్లలందరికీ పంచే చట్టమే ఉండగా, 1728లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ (రాజు సలహా మండలి) దాన్ని కొట్టివేసింది.

అడిగినవారు:
భార్యాపిల్లలకు పొలం మిగిలిందని తెలిసి మనసు కుదుటపడింది. అయితే భూమి విషయంలో తన మాట నిలబడాలని కోరుకున్న సైనికుడు ఏం చేసేవాడు?

మూడవ సమాధానం:
దండు కదలకముందే రాసిపెట్టుకునేవాడు. ఉదాహరణకు, మాసచూసెట్స్ దళాన్ని నడిపిన కర్నల్ ఎఫ్రాయిమ్ విలియమ్స్ 1755 జూలైలో ఆల్బనీ దగ్గర విడిది చేసినప్పుడు వీలునామా రాయించి, సెప్టెంబర్ 8న లేక్ జార్జ్ వద్ద జరిగిన పోరులో హతుడయ్యాడు. భూమి అమ్మి ఉచిత పాఠశాల పెట్టాలన్న అతని కోరిక నిలిచింది. 1791లో తెరిచిన ఆ పాఠశాలే 1793లో విలియమ్స్ కాలేజీ అయింది.