బెలచాన్ లేకుండా చేస్తే అది నాసి గోరెంగ్ కంపుంగ్ అవుతుందా?

కేఎల్ కోడలు:
మేం కౌలాలంపూర్ వచ్చి రెండేళ్ళయింది. ఇక్కడ మలయ్ హోటళ్ళలో నాసి గోరెంగ్ కంపుంగ్ అని ఉంటుంది, పల్లెటూరి ఫ్రైడ్ రైస్ అన్నమాట (కంపుంగ్ అంటే పల్లె, పేరు చూసి నవ్వకండి). చిలి పాడీ అనే చిన్న మిరపకాయలు, చిన్నుల్లిపాయలు, వెల్లుల్లి దంచి వేయించి, అందులో అన్నం, గుడ్డు, ఎండు నెత్తళ్ళు, కంగ్‌కుంగ్ అంటే మన తూటికూర వేస్తారు. ఇంట్లో చేద్దామంటే ప్రాబ్లం బెలచాన్‌తోనే. సన్న రొయ్యల్ని ఉప్పేసి పులియబెట్టి ఎండబెట్టి దిమ్మలా చేస్తారు కదా అది. మొన్న పెనం మీద కాలిస్తే మా అత్తగారు గది తలుపేసుకుని సాయంత్రం దాకా బయటికి రాలేదు. అది మానేసినా కంపుంగ్ అనొచ్చా, లేక ఉత్త ఫ్రైడ్ రైసేనా?

పెరాక్ మనవడు:
అక్కా మాది మలేసియాలో పెరాక్ రాష్ట్రం, బగాన్ దతో వైపు, మా ముత్తాతలు కొబ్బరి ఎస్టేటు పనికి వచ్చినోళ్ళు. బెలచాన్ లేకపోతే కంపుంగ్ కాదు, అంతే. ఇంగువ లేని పులిహోర చేసి బానే ఉంది కదా అన్నట్టుంటుంది. నలుగురికి బొటనవేలి గోరంత ముక్క చాలు, మీరు ఎంత కాల్చారో ఏంటో!! ఫాయిల్‌లో చుట్టి సన్న మంట మీద అటూ ఇటూ తిప్పండి, వాసన చాలావరకు లోపలే ఉంటుంది.

నెల్లూరు నెత్తళ్ళు:
ఇంత గొడవెందుకండీ, రొయ్యపొట్టు లేదా? దోరగా వేయించి మిర్చితో కలిపి దంచేయండి. నేను హైదరాబాద్‌లో అలాగే చేస్తా, తూటికూర దొరక్కపోతే పాలకూర కాడలతో సహా వేస్తా, పిల్లలు గిన్నె నాకేస్తారు.

పెరాక్ మనవడు:
అన్నా పొట్టు ఎండబెట్టింది, బెలచాన్ పులిసింది. రెండూ రొయ్యలే గానీ పాలు, పెరుగు ఒకటేనా? మీరు చేసింది పెడితే తింటా, పేరు మాత్రం కంపుంగ్ అనను. పాలకూర వేశాక అసలే అనను, నీరు వదిలి అన్నం మెత్తబడిపోద్ది.

చద్దన్నం బ్యాచ్:
మలేసియాలోనే జొహోర్ రాష్ట్రంలో ఆరేళ్ళు ఉన్నా, నాదొక డౌటు. చాలా చోట్ల మెనూలో నాసి గోరెంగ్ బెలచాన్ అని వేరే ఐటమ్ ఉంటుంది కదా, కంపుంగ్‌లో అది తప్పనిసరైతే రెండు పేర్లెందుకు? నేను చూసినంతలో కంపుంగ్‌కి గుర్తు నెత్తళ్ళు, కంగ్‌కుంగ్. కొందరు బెలచాన్ ముట్టుకోకుండా నానబెట్టిన నెత్తళ్ళనే మిర్చితో దంచుతారు, ఉప్పూ రుచీ రెండూ అక్కడే వచ్చేస్తాయి.

పెరాక్ మనవడు:
హోటల్ మెనూ చూసి పల్లె వంట తేలుస్తారా బాబూ 😀 సరే, నెత్తళ్ళు దంచడం మాత్రం నిజమే, మా పక్కింటి మక్‌చిక్ (మలయ్‌లో పెద్దావిడని అలా అంటారు) అలాగే చేసేది. కానీ బెలచాన్ కూడా వేసేది!

చద్దన్నం బ్యాచ్:
అసలు మీరంతా బెలచాన్ దగ్గరే ఆగిపోయారు, అన్నం సంగతి ఎవరూ ఎత్తలేదు. వేడన్నంతో చేస్తే ఏం వేసినా ముద్దే. రాత్రి అన్నం ఫ్రిజ్‌లో పెడితే పిండి పదార్థం గట్టిపడి పొద్దున్నకి మెతుకు మెతుకు విడిపోతుంది. వండిన అన్నం రాత్రంతా బయట వదిలేయకండి, కడుపు పాడుచేసే బ్యాక్టీరియా పెరుగుతుంది, మళ్ళీ వేయించినా దాని విషం పోదు. ఇంకోటి, మిక్సీ వద్దు, పేస్టయిపోయి నీరొస్తుంది, వేగదు. రోట్లో కచ్చాపచ్చాగా చాలు.

కేఎల్ కోడలు:
నిన్న చేశా. గోరంత బెలచాన్ ఫాయిల్‌లో చుట్టి కాల్చా, గుప్పెడు నెత్తళ్ళలో సగం దంచా, సగం కరకరలాడేలా వేయించి పైన చల్లా. కంగ్‌కుంగ్ కాడలు ముందు వేసి ఆకులు దించే ముందు వేశా. చిలి పాడీ ఆరు వేస్తే మా ఆయనకి ముక్కు కారింది, నాలుగు చాలు. అత్తగారు తలుపేసుకోలేదు గానీ "ఎండుచేపలు ఎప్పుడు తెచ్చావ్" అన్నారు. వచ్చేవారం పొట్టుతో చేసి చూస్తా, పేరు ఏం పెట్టాలో మీరే కొట్టుకోండి.

నెల్లూరు నెత్తళ్ళు:
నాసి గోరెంగ్ నెల్లూరు అని పెట్టమ్మా, ఎవరూ అడగరు.