పాల్ సైమన్ పాటలో సలహా ఇచ్చే ఆమె ఎవరు?

అమెరికన్ గాయకుడు పాల్ సైమన్ 1975లో పాడిన ‘ఫిఫ్టీ వేస్ టు లీవ్ యువర్ లవర్’ (ప్రేయసిని విడిచిపెట్టడానికి 50 దారులు)లో ఒక ముడి విడటం లేదు. ప్రేయసిని ఎలా విడిచిపెట్టాలో ఒకామె ఒకతనికి సలహా చెప్పే పాట ఇది. పేరులో 50 దారులున్నా పల్లవిలో వచ్చేవి ఐదే, ఒక్కోదానికి ఒక్కో మనిషి పేరు తగిలించి: జాక్, స్టాన్, రాయ్, గస్, లీ. ఆ పేర్లు ప్రాసకోసమే అనుకుంటే సరిపోతుంది.

చిక్కంతా చరణాల్లో ఉంది. పరాయి విషయాల్లో తలదూర్చడం తనకు అలవాటు లేదని ఆమె ముందే చెబుతుంది. చివరికొచ్చేసరికి, ఈ రాత్రికి ‘ఇద్దరం’ పడుకుని ఆలోచిద్దామంటుంది, ముద్దు పెడుతుంది. అప్పుడే అతనికి ఆమె మాట నిజమేమో అనిపిస్తుంది. ఆమెను స్నేహితురాలిగా, కొత్త ప్రేయసిగా, అతను విడిచిపెట్టబోయే ప్రేయసిగా అనుకుని మూడుసార్లు విన్నాను. మూడోది అసలు పొసగలేదు, మొదటిది ముద్దు దగ్గర ఆగిపోయింది. రెండోదానికేమో మొదటి చరణాల్లో ఆధారం దొరకలేదు.

ముద్దుకు ముందే ఆమె కొత్త ప్రేయసి అని తేల్చే మాట ఏ చరణంలో ఉంది?