ఫ్లౌండర్: పోరాటమా, దిగబడటమా?

ప్రశ్న: అనువాదంలో ఒకచోట ఆగిపోయానండీ. ఆటల వార్తలో ఒక జట్టు ‘ఫ్లౌండర్’ అవుతోందని ఉంది. ‘పోరాడుతోంది’ అని రాస్తే మా సంపాదకులు కొట్టేశారు. పైగా, అసలు మాట ‘ఫౌండర్’ కాదు కదా, చూసుకో అన్నారు. రెండూ ఒకటేనా?

జవాబు: కొట్టేయడం న్యాయమేనమ్మా. పోరాడే జట్టును మెచ్చుకుంటాం. ఫ్లౌండర్ అయ్యే జట్టును చూస్తే జాలేస్తుంది.

చిన్నప్పుడు నాట్లు వేసేవాళ్ళకు మజ్జిగ తీసుకెళ్తూ గట్టు మీంచి జారి, దమ్ము చేసిన మడిలో మోకాలిదాకా దిగబడ్డాను. కుడికాలు పీకుదామని బరువంతా ఎడమకాలి మీద వేస్తే అది ఇంకా లోతుకు పోయేది. చెయ్యి ఆనిద్దామంటే అక్కడా బురదే. నన్నెవరూ పట్టుకోలేదు, నాకెవరితోనూ కుస్తీ లేదు. అయినా ఒళ్ళంతా కొట్టుకుంటోంది, అంగుళం కదలడం లేదు. ఫ్లౌండర్ అంటే అచ్చంగా ఇదే. ఇంగ్లీషులోనూ ఈ మాట మొదట బురదలో, మంచులో, నీళ్ళలో కాలు ఆనక కొట్టుకోవడానికే వాడారు. మాట తోచకపోవడం, పని సాగకపోవడం అనే అర్థాలు తర్వాత వచ్చాయి.

అందుకే ‘పెనుగులాడు’ కూడా అతకదు. పెనుగులాటకు అవతల ఒక పట్టు ఉండాలి. గజేంద్రుడు మొసలితో చేసింది పెనుగులాట. ఒకరు మడుగులోకి, ఒకరు గట్టుకు లాగుతున్నారు. అది స్ట్రగుల్. ఇంకో గుర్తు చెప్తాను. స్ట్రగుల్ పక్కన ‘టు’ చేర్చి మరో క్రియ తగిలించవచ్చు, ‘స్ట్రగుల్ టు బ్రీత్’ అన్నట్టు. ఫ్లౌండర్‌కు మామూలుగా అలా తగిలించరు. దానికి గమ్యం ఉండదు, అవస్థే ఉంటుంది.

ఇక ఫౌండర్. పడవలో నీళ్ళు నిండి అడుక్కు పోవడం దీని ప్రసిద్ధమైన అర్థం. లాటిన్‌లో అడుగును ‘ఫుండుస్’ అంటారు, అక్కణ్ణుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. సంస్థ పెట్టినవాణ్ణి కూడా ఫౌండర్ అంటాం కదా, చివరికి దాని వేరూ అదే. ఒకరు అడుగున పునాది వేస్తే, ఇంకొకరు అడుక్కు పోతారు. గుర్రం తొట్రుపడి కూలడాన్నీ ఫౌండర్ అనేవారు. 16వ శతాబ్దం చివర్లో కనిపించే ఫ్లౌండర్ బహుశా ఈ మాటే కొంచెం రూపు మారి వచ్చింది. కాబట్టి మీ సంపాదకుల అనుమానం ఊరికే పుట్టింది కాదు. ఇంగ్లీషువాళ్ళే రెంటినీ కలిపేస్తుంటారు. చర్చలు ఫ్లౌండర్ అయితే ఇంకా నడుస్తున్నాయి, దారే దొరకడం లేదు. ఫౌండర్ అయితే ఇక లేవు, బెడిసికొట్టాయి.

తెలుగులో ఒక్క మాటతో సరిపెట్టాలని చూడకండి. జవాబు దొరక్క ఫ్లౌండర్ అయినవాడు మనకు ‘నీళ్ళు నమిలాడు’. ఉపన్యాసం మధ్యలో అయితే ‘తడబడ్డాడు’. వ్యాపారం అయితే ‘కొట్టుమిట్టాడుతోంది’. ఏం చెయ్యాలో తోచనివాడికి ‘ఎటూ పాలుపోవడం లేదు’. మీ జట్టుకు నేనైతే ‘తడబడుతోంది’ అంటాను. వరసగా ఓడుతుంటే ‘ఎటూ పాలుపోక కొట్టుమిట్టాడుతోంది’ అని రాస్తాను.

ఇక్కడ ఒక మాట మనసులోంచి చెప్పాలి. స్ట్రగుల్ కనిపించిన చోటల్లా ‘పోరాడు’ అని దించేయడం ఈమధ్య బాగా పెరిగింది. ‘ముసలాయన నడవడానికి పోరాడుతున్నాడు’ అని చదివితే నాకు బాధేస్తుంది. నడవలేక అవస్థ పడుతున్నాడు, ఆపసోపాలు పడుతున్నాడు, తిప్పలు పడుతున్నాడు... ఇన్ని ఉన్నాయి మనకు. ఒక్కోదానికీ ఒక్కో బరువు.

ప్రశ్న: ఫ్లౌండర్ అని ఒక చేప ఉంది కదండీ? ఒడ్డున పడి కొట్టుకునే చేపను బట్టి ఈ క్రియ పుట్టిందేమో?

జవాబు: వినడానికి చక్కగా ఉంది కానీ కాదండీ. రెండు కళ్ళూ ఒకే పక్కన ఉండే బల్లపరుపు చేప అది. దాని పేరు స్కాండినేవియా భాషల వైపు నుంచి వచ్చినట్టుంది, ఈ క్రియతో చుట్టరికం లేదు. ఒడ్డున పడ్డ చేపకు మన ‘గిలగిల’ ఉండనే ఉంది.

మరొకరు: సార్, మా కరీంనగర్ దిక్కు ‘ఆగమాగం అయితున్నడు’ అంటం. గది నడవదా?

జవాబు: నడవడమేంటన్నా, ఇంతసేపూ నేను వెతుకుతున్న మాట అదే! దిక్కుతోచక అటూ ఇటూ కొట్టుకోవడం అందులో మొత్తం ఉంది. ఇంకో వింత చూడండి. ‘ఆగమాగం అయితున్నడు’ అంటే మనిషి ఇంకా తేలే ఉన్నాడు. ‘ఆగమైపోయిండు’ అంటే మునిగిపోయాడు. మొదటిది ఫ్లౌండర్, రెండోది ఫౌండర్. చెల్లెమ్మా, మీ సంపాదకులకు ఈ జంట చూపించండి.