తోటకూర వేళ్లతో సహా పీకాలా, కత్తిరించుకుంటూ పోవాలా?

బాల్కనీ_బెల్లందూరు: బెంగళూరులో ఉంటాను, అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, ఆరంగుళాల లోతు ఉన్న ట్రేలు నాలుగున్నాయి. నెలలోపు చేతికొచ్చేవని తోటకూర, మెంతి, పాలకూర విత్తనాలు తెచ్చాను. తోటకూర పీకమని కొందరు, కోయమని కొందరు. ఏది సరి?

మిద్దెతోట_యలహంక: కోయాలండీ. మన హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ అర్క సుగుణ రకాన్ని ఇచ్చిందే పలుమార్లు కోసుకోవడానికి. విత్తిన 25 రోజులకి మొదటి కోత, తర్వాత 10-12 రోజులకోసారి, మొత్తం ఐదారు. మొక్కకీ మొక్కకీ నాలుగంగుళాలు ఉండేలా ముందే పలచన చేయండి, ఆ లేత మొక్కలు పప్పులో వేసుకోవచ్చు. మట్టికి మూడు నాలుగంగుళాల పైన, కనీసం రెండు కణుపులు వదిలి కోయాలి. చిగురు కణుపు దగ్గరే పుడుతుంది, అది లేకుండా కోస్తే మొక్క మోడే. కోసిన రోజు ట్రేకి రెండు గుప్పెళ్ల వర్మీకంపోస్ట్, మర్నాడు పదింతల నీళ్లు కలిపిన జీవామృతం (ఆవు పేడ, మూత్రం, బెల్లం, పిండి పులియబెట్టిన ద్రవ ఎరువు).

సొప్పు_సర్జాపూర్: మూడో కోతకే కాడ పీచు కడుతుంది, నాలుగో కోతకి కంకి వేస్తుంది. పగలు తక్కువుండే నవంబరు నుంచి జనవరి దాకా ఇంకా ముందే. పీకడమే మేలు. ట్రేని మూడు భాగాలు చేసి వారానికో భాగం విత్తండి. మూడు వేళ్లకొచ్చిన చిటికెడు గింజలు గుప్పెడు పొడి ఇసుకలో కలిపి చల్లితే ఒకేచోట గుట్టగా పడవు. పైన పావంగుళం మించి మట్టి వద్దు. మొలకొచ్చేదాకా గింజల్ని చీమలు ఎత్తుకుపోతాయి, ట్రే కాళ్లు నీళ్ల గిన్నెల్లో పెట్టండి. 22 రోజులకి వేళ్లతో సహా తీసేసి, మట్టి గుల్లచేసి, రెండు గుప్పెళ్ల కంపోస్టు కలిపి మళ్లీ చల్లడమే.

మిద్దెతోట_యలహంక: 22 రోజులు ఎప్పట్నుంచి? విత్తిన రోజా, మొలకొచ్చిన రోజా?

సొప్పు_సర్జాపూర్: మొలక నుంచి.

మిద్దెతోట_యలహంక: మొలకకి నాలుగు రోజులు కలపండి, 26 అయింది. నేను చెప్పిన 25 విత్తిన రోజు నుంచి. ఇక మీ పద్ధతిలో తొందర ఎక్కడుంది?

మెంతి_మల్లేశ్వరం: రోజుల లెక్కలో పడి అడిగినాయన్ని మర్చిపోయారు. మెంతులు రాత్రి నానబెట్టి దగ్గరదగ్గరగా చల్లండి, 20-25 రోజులకి పీకేయండి. పాలకూర గింజ ఒక్కటిలా కనిపించినా రెండు మూడు మొలకలొస్తాయి, బలమైనది ఉంచండి. బయటి ఆకులే కోసుకోవాలి, నడిమి చిగురు ముట్టుకోకూడదు.

సొప్పు_సర్జాపూర్: ఒక్క రోజు తేడా పట్టుకుని వేలాడకండి. వానల్లో ఆకు అడుగున తెల్ల బొబ్బలు, అదే తెల్ల తుప్పు తెగులు. కోసిన మోళ్లు ట్రేలో ఉంటే అది అక్కడే నిలిచి కొత్త చిగుళ్లకి ఎక్కుతుంది. పీకేస్తే పంటతోపాటే పోతుంది.

మిద్దెతోట_యలహంక: తెల్ల తుప్పు ఎక్కువయ్యేది మీలా పలచన చేయకుండా ఒత్తుగా పెంచితేనే. గాలి ఆడదు, ఆకు తడి ఆరదు. నాలుగంగుళాల ఎడం ఇచ్చి, పొద్దున పూట మొక్కల మొదళ్లలోనే నీళ్లు పోయండి. అయినా వారంవారం గింజలు కొనమంటున్నారు, మీకేమైనా విత్తనాల వ్యాపారం ఉందా?

సొప్పు_సర్జాపూర్: ఆ మాట వెనక్కి తీసుకోండి. ఒక దుకాణం కోతల రకమని చెప్పి పీకుడు రకం అంటగడితే రెండు నెలలు పోయాయి, డబ్బు తిరిగివ్వలేదు. గింజ మీద నమ్మకం పెట్టుకోవద్దని అందుకే చెబుతున్నా. పైగా మా బాల్కనీకి మూడు గంటలే ఎండ. కోసిన మోడు చిగురించినా, ఆ చిగురు వెలుతురు కోసం సాగి, దారంలా వాలిపోతుంది. మూడుసార్లు చూశాను.

మిద్దెతోట_యలహంక: మూడు గంటలా? ఇది మొదటే చెప్పాల్సింది. మా మిద్దె మీద ఏడు గంటలు. మూడు గంటల ఎండకి తోటకూర వేయడమే తప్పు. పాలకూర, పుదీనా వేసుకోండి.

సొప్పు_సర్జాపూర్: మిద్దె అందరికీ ఉంటుందా? అపార్ట్‌మెంట్లలో టెర్రస్ తాళం అసోసియేషన్ దగ్గర ఉంటుంది. గింజలో ఉన్న బలంతో మొదటి రెండాకులు వస్తాయి, తక్కువ ఎండకి జానెడు మొక్క వస్తుంది, అక్కడికి పీకేస్తే ఒక పూట కూర. దాన్ని తప్పు అనకండి. ఎండ ఉన్నవాళ్ల కొలత ఎండ లేనివాళ్లకి పెడుతున్నారు, మన గొడవంతా అదే.

ట్యాంకర్_మారతహళ్లి: నీళ్ల సంగతి కూడా. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీళ్లు తోటకి పోస్తే 5,000 రూపాయల జరిమానా అంది. మొలక దశలో రోజుకి రెండుసార్లు చిలకరించాలి, మాటిమాటికీ విత్తితే ఆ దశ మాటిమాటికీ వస్తుంది. బియ్యం, కూరలు కడిగిన నీళ్లు పట్టిపెట్టుకోండి. ఆర్ఓ ఫిల్టరు వదిలేసే నీళ్లు మొలకలకి వద్దు, ఉప్పు పేరుకుంటుంది.

మిద్దెతోట_యలహంక: వ్యాపారం మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఏడు గంటల ఎండ ఉన్నచోట పీకడం దండగే, ఆ మాట మార్చను.

బాల్కనీ_బెల్లందూరు: ఇవాళ గంటగంటకీ చూశాను. తూర్పు బాల్కనీ, ఎనిమిదింటికి ఎండ వస్తుంది, పదకొండున్నరకి పైఅంతస్తు నీడ. రెండు ట్రేలు పీకుడు తోటకూర, ఒకటి మెంతి, ఒకటి పాలకూర. నీళ్ల గిన్నెలు సిద్ధం.

సొప్పు_సర్జాపూర్: మూడున్నర గంటలు. ఇసుక జల్లించి, పొడిగా ఉన్నదే వాడండి, తడి ఇసుకకి గింజ అంటుకుంటుంది.