అప్‌డేట్: లండన్ నుంచి పెర్త్, డైరెక్ట్ ఫ్లైట్‌లోనే వెళ్లొచ్చాం

ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో అక్కావాళ్లని, చదువుకున్నప్పటి ఫ్రెండ్స్‌ని చూడ్డానికి నాలుగేళ్ల పాపతో వెళ్తున్నాం, డైరెక్ట్ మంచిదా, సింగపూర్‌లో ఆగి వెళ్లాలా అని అడిగాను కదా. చాలామంది సింగపూరే అన్నారు. ఏమనుకోకండి, డైరెక్టే తీసుకున్నాం.

సుమారు 14,500 కిలోమీటర్లు, దాదాపు 17 గంటలు. పాప మొదటి భోజనం ట్రే తీయకముందే నిద్రపోయింది, తల వాళ్ల నాన్న ఒళ్లో, కాళ్లు నా ఒళ్లో, ఇక మేమిద్దరం బాత్రూమ్‌కి కూడా కదిలితే ఒట్టు. అయినా నిద్రపోతున్న పిల్లని భుజాన వేసుకుని మళ్లీ సెక్యూరిటీ లైన్లో నిలబడటం కంటే ఇదే వెయ్యి రెట్లు నయం.

అసలు టెన్షన్ అమ్మ గుంటూరు నుంచి పంపిన పచ్చళ్ల గురించి. మీరు చెప్పినట్టే, ఆస్ట్రేలియాలో దిగేటప్పుడు ఇచ్చే కార్డులో ఆహార పదార్థాల దగ్గర 'అవును' అని టిక్ పెట్టి, అన్నీ ఒకే సంచిలో పైనే ఉంచాను. ఆఫీసర్ ఆవకాయ డబ్బా అటూ ఇటూ తిప్పి చూసి ఇచ్చేసింది. కోవా బిళ్లలు మాత్రం పాలతో చేసినవని తీసేసుకుంది. ముందే చెప్పాం కాబట్టి ఫైన్ లేదు.

జెట్‌లాగ్ సంగతి అడక్కండి. పెర్త్ లండన్ కంటే ఏడెనిమిది గంటలు ముందుంటుంది కదా, పాపకి తెల్లవారుజామున ఆటలు, పాపం అక్కకి ఆ టైమ్‌లో ఉప్మా డ్యూటీ. తిరుగు ప్రయాణంలో అంత బాధ లేదు.

వచ్చేసారి అమ్మానాన్నల్ని కూడా అక్కడికే రప్పించాలని ఉంది. సబ్‌క్లాస్ 600 విజిటర్ వీసా గురించి విడిగా అడుగుతా.