మన కరాటే క్లబ్ వయసు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలి?

పాత బ్యాచ్, విజయనగరం:
క్లబ్ వార్షికోత్సవ సంచికకి చరిత్ర పేజీ రాసే పని నాకు అప్పగించారు. మొదటి వాక్యం దగ్గరే పేచీ వచ్చింది. కమిటీలో సగం మంది రిజిస్ట్రేషన్ అయిన రోజే పుట్టినరోజు అంటున్నారు. ఇంకొందరేమో మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు గారి తాలింఖానా (వ్యాయామశాల) నుంచి మన పరంపర మొదలైందని రాయమంటున్నారు. నాకు రెండూ నచ్చలేదు.

నా లెక్కలో, అయోధ్య మైదానంలో తెల్లవారుజామున ఐదింటికి మాస్టారు మా పదకొండు మందిని వరుసలో నిలబెట్టిన రోజే మొదలు. అప్పటికి మాకు పేరు లేదు, బోర్డు లేదు, బెల్టుల్లేవు. డ్రెస్సు అంటే మా అమ్మ మార్కీను గుడ్డతో కుట్టిన చొక్కా, నాడా పైజామా. చెయ్యి గట్టిగా విసిరితే చంక దగ్గర కుట్లు ఊడిపోయేవి. మాస్టారు హాజరు వేసిన నల్ల అట్ట నోటుబుక్కు ఇప్పుడు నా దగ్గర ఉంది. మొదటి పేజీ చిరిగిపోయింది, మంచుకి తడిసి సిరా అక్కడక్కడ అలుక్కుపోయింది. ఫీజు గడిలో చాలా పేర్ల ఎదుట నెలల తరబడి ఖాళీయే. అయినా ఒక్కణ్ణీ రావద్దనలేదు.

కంటోన్మెంట్ నాన్న:
మాస్టారంటే నాకూ గౌరవమే. కానీ ఆ నోటుబుక్కులో మొదటి పేజీ చిరిగిపోయిందని మీరే చెప్పారు. ఏడాది ఏదో తెలియకుండా ఏమని అచ్చు వేస్తాం? మా బాబు ఒక టోర్నీలో గెలిచి తెచ్చిన సర్టిఫికెట్, ఆ సంఘానికి గుర్తింపు లేదని ఎక్కడా చెల్లలేదు. వాడు రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదు. కాగితం విలువ ఆ రోజు తెలిసింది నాకు. రిజిస్ట్రేషన్ తేదీ ఒక్కటే ఎవరూ కాదనలేనిది.

వీరఘట్టం మనవడు:
రామ్మూర్తి నాయుడు గారు 1882లో మా వీరఘట్టంలో పుట్టారు. విజయనగరంలో పెరిగి, కసరత్తు చేసి, గుండెల మీద ఏనుగును ఎక్కించుకున్న మనిషి. పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి ఇప్పటికీ కర్రసాము తిప్పుతున్నారు కదా. మీ మాస్టారూ చిన్నప్పుడు ఆ కర్ర పట్టినవారే. అలాంటప్పుడు మన కుర్రాళ్ల ఒంట్లో బలం జపాన్ నుంచి వచ్చిందని రాస్తే ఏం బాగుంటుంది?

పాత బ్యాచ్, విజయనగరం:
ముందు కంటోన్మెంట్ నాన్నగారికి. మీ బాబుకి జరిగింది అన్యాయమే, కాగితం అక్కర్లేదని నేననను. కానీ కరాటే చరిత్రే చూడండి. ఫునకోషి గిచిన్ అనే కరాటే గురువు ఒకినావా దీవి నుంచి టోక్యో వెళ్లి ప్రదర్శన ఇచ్చింది 1922లో. ఆయన తొలి నల్ల బెల్టులు ఇచ్చింది 1924లో, అదీ జూడో నుంచి తెచ్చుకున్న పద్ధతిలో. ఆయనకు నేర్పిన ఇతోసు అంకోకి బెల్టే లేదు. అసలు కరాటే అన్న పేరుకే మొదట్లో ‘చైనా చెయ్యి’ అని అర్థం, ‘ఖాళీ చెయ్యి’గా రాయడం తర్వాత స్థిరపడింది. బెల్టు, పేరు రాకముందు ఒకినావాలో నేర్పింది కరాటే కాదని ఎవరంటారు? మన మైదానానికీ అదే న్యాయం. ఏడాది తెలియదు కాబట్టి అంకె వేయను. ‘రిజిస్ట్రేషన్‌కు ముందే, మైదానంలో’ అని రాస్తాను.

వీరఘట్టం తమ్ముడూ, నీ మాటలో సగం ఒప్పుకుంటాను. కటా (వరుసగా కట్టిన కదలికల సాధన) మొదలుపెట్టే ముందు మాస్టారు మా చేత వంద బస్కీలు, యాభై దండీలు తీయించేవారు. అది తాలింఖానా అలవాటే. గుర్రపు స్టాన్స్‌లో కూర్చోబెట్టి, తొడల మీద ఇటుకలు పెట్టి, తను మైదానం చుట్టూ ఒక రౌండు నడిచొచ్చేవారు. తిరిగొచ్చేసరికి మా కాళ్లు వణికేవి గానీ ఇటుక కింద పడేది కాదు. ఇదంతా సంచికలో రాస్తాను. కానీ 1942లో పోయిన రామ్మూర్తి గారి నుంచి మా మాస్టారి దాకా గురుపరంపర ఉందని రాయలేను. మాస్టారు ఎప్పుడూ ఆ మాట అనలేదు. ఆయన అనని మాట ఆయన పేరు మీద అచ్చు వేస్తే తప్పు.

ఆమదాలవలస అక్క:
అన్నయ్యా, మీ పదకొండు మందిలో ఒక్క ఆడపిల్లా లేదు. మా ఊరి కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చాక, ఆడపిల్లల్ని ఆటలకి పంపడం ఇటువైపు కొంచెం తేలికైంది. మేం అంతకు ఎన్నో ఏళ్ల ముందే వచ్చాం. నేనప్పుడు విజయనగరంలో మా పిన్ని ఇంట్లో ఉండి చదువుకునేదాన్ని. ఆదివారాలు మాస్టారి పెరట్లో, కొబ్బరి చెట్టు కింద నేర్పేవారు. నాలుగు వైపులా చీరలు కట్టేవారు మాస్టారి భార్య. మీరు మైదానం అని రాస్తే మేం లేనట్టే. ఆ నోటుబుక్కులో నా పేరు ఉందా?

పాత బ్యాచ్, విజయనగరం:
ఉందమ్మా. వెనక అట్ట లోపలి వైపు, ‘ఆదివారం’ అని గీత గీసి, కింద ఆరు పేర్లు ఉన్నాయి. నీది నాలుగోది. పక్కన పెన్సిల్‌తో ‘ఎడమ మోకాలు, చూసి చేయించాలి’ అని మాస్టారి చేతిరాత. నేను ఇన్నాళ్లూ ముందు పేజీలే చూశాను. మొదటి వాక్యంలో మైదానం పక్కన పెరడు కూడా చేరుస్తున్నాను. ఆ ఆరుగురిలో మిగతావాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారో నీకు తెలిస్తే చెప్పు.